తక్కువ వ్యూస్ ఉన్న గ్రూపును పీకేయమన్న మహానుభావుడికి

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మిర్యాలగూడ నుంచి ఒక అన్న, తర్వాత మహబూబ్‌నగర్‌లో డిజిటల్ మార్కెటింగ్ క్లాసులు చెప్పే మిత్రుడు, ఆ తర్వాత మా బామ్మర్ది, నిన్న రాత్రి పదకొండింటికి మళ్లీ మొదటి అన్నే, "తమ్మీ, ఇది చూసినవా?" అని. చూసిన అన్నా, నువ్వు పంపిందే కదా. "గూగుల్ అనలిటిక్స్‌లో పేజీలను గ్రూపులు చేయండి, మీ సైట్ దశ తిరుగుతుంది" అని పైన హెడ్డింగు, కింద ఏడు సూత్రాలు, సూత్రానికి రెండేసి మంటల బొమ్మలు. గూగుల్ అనలిటిక్స్ అంటే సైటుకు ఎంతమంది వచ్చారు, ఏ పేజీ చూశారు అని లెక్కపెట్టే పనిముట్టు. గ్రూపు అంటే ఒకే రకం పేజీలను ఒక పేరు కింద కలిపి ఆ లెక్క చూసుకోవడం. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

గ్రూపులు పెడితే గూగుల్ సెర్చ్‌లో ర్యాంకు పెరుగుతుందట. పెరగదు. ఖాతా పుస్తకానికి కొత్త అట్ట వేస్తే కొట్టుకు గిరాకీ పెరుగుతుందా?

రెండోది, "ఐదు గ్రూపింగులు పెట్టుకోవచ్చు." అది యూనివర్సల్ అనలిటిక్స్ అనే పాత వెర్షన్ సంగతి. మామూలు ఖాతాలకు అది 2023 జూలై 1 నుంచే డేటా తీసుకోవడం మానేసింది. ఇప్పుడున్న జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ 4)లో కంటెంట్ గ్రూప్ అని ఒక్కటే ఉంటుంది, ఇంకో రకంగా కూడా విడగొట్టాలంటే కస్టమ్ డైమెన్షన్, అంటే మనం సొంతంగా చేసుకునే ఇంకో విభజన, పెట్టుకోవాలి. పాత మెనూ కోసం అడ్మిన్ సెట్టింగులన్నీ గాలించి, దొరకడం లేదని నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు. లేనిది ఎట్ల దొరుకుతుంది?

మూడోది, "ఎన్ని గ్రూపులైతే అంత క్లారిటీ." ఎనభై పేజీల సైటుకు అరవై గ్రూపులు పెడితే మిగిలేది మళ్లీ పేజీల లిస్టే.

నాలుగోది కొంచెం ఆగి చెప్పాలి. "పేజీ అడ్రస్‌లో, అంటే లింకులో, గ్రూపు మాట ఉంటే చాలు, ఆ గ్రూపులో వేసేయండి" అంటాడు. మా ఊరి సైట్ ఒకదానికి నేనూ అట్లనే చేసిన. బస్ టైమింగ్స్ పేజీలన్నీ ఒకచోట ఉండాలని, ఇంగ్లీషులో బస్ అనే మూడక్షరాలు అడ్రస్‌లో ఎక్కడున్నా సరే అని రూల్ పెట్టిన. బిజినెస్ వార్తలన్నీ వచ్చి బస్సెక్కినయ్. ఇంగ్లీషులో బిజినెస్ మొదలయ్యేదే ఆ మూడక్షరాలతో అని రూల్ రాసేటప్పుడు తట్టలేదు. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే బస్సు కోసం జనం ఇంతగా వెతుకుతున్నారా అని రెండు రోజులు సంబరపడ్డ.

ఇక అడ్రస్‌లో తెలుగు అక్షరాలుంటే ఇంకో తలనొప్పి. బ్రౌజర్‌లో మనకు 'నల్లగొండ' అని చక్కగానే కనిపిస్తుంది, లోపల మాత్రం ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం గుర్తు పర్సెంట్ గుర్తులతో తొమ్మిదేసి క్యారెక్టర్లుగా మారి పోతుంది. నల్లగొండ ఒక్కటే 72 అవుతుంది. దాన్నే గ్రూపు పేరుగా అనలిటిక్స్‌కు పంపితే, అక్కడ విలువకు ఉన్న హద్దు 100 క్యారెక్టర్లు, కాబట్టి రెండో మాట మధ్యలోనే తెగిపోతుంది. గ్రూపు పేరు పేజీలోనే విడిగా, పొట్టిగా రాసి పంపడం మేలు.

ఐదోది, "ఈరోజు పెట్టినా పాత డేటా దానంతటదే సర్దుకుంటుంది." సర్దుకోదు. గ్రూపు పేరు పేజీ తెరిచినప్పుడు దాంతోపాటే అనలిటిక్స్‌కు పోతుంది. నిన్న తెరిచినవాళ్లతో ఏ పేరూ పోలేదు కాబట్టి వాళ్లంతా 'నాట్ సెట్' (పేరు లేదు) అనే వరుసలో కూర్చుంటారు, ఎప్పటికీ అక్కడే.

ఇప్పుడు ఆరోది. నాకు మండింది దీనికే. "నెల చివర చూడండి, తక్కువ వ్యూస్ వచ్చిన గ్రూపును పీకేయండి, సైట్ తేలికవుతుంది." ఎవరు బాబూ నువ్వు?

మిర్యాలగూడలో రైస్ మిల్లు స్పేర్ పార్ట్స్ అమ్మే ఒకాయన సైటును నేను చూస్తుంట. ఆయన ఈ ముక్క చదివి ఆగస్టు లెక్క ముందు పెట్టుకున్నాడు. బ్లాగ్ గ్రూపుకు బోలెడు వ్యూస్, ఎందుకంటే అందులో 'బియ్యంలో పురుగు పట్టకుండా ఏం చేయాలి' అని ఒక పేజీ ఉంది, అది ఎక్కడెక్కడి ఇల్లాళ్లో చదువుతారు. వడ్ల పొట్టు తీసే రబ్బర్ రోల్స్ గ్రూపుకు అందులో పదో వంతు కూడా లేదు. నాకు ఒక్క మాట చెప్పకుండా ఆ గ్రూపు పేజీలన్నీ తీసేయించాడు. పురుగుల పేజీ చదివినవాళ్లలో ఒక్కరైనా రబ్బర్ రోల్ కొంటారా? రోల్ అరిగి మిల్లు ఆగిపోయిన మనిషి బ్లాగ్ చదువుతూ కూర్చోడు, సైజు చూసుకుంటాడు, నంబర్ నొక్కుతాడు, అర నిమిషంలో పని అయిపోతుంది. ఆ పేజీకి వ్యూస్ తక్కువే ఉంటయ్, ఉండాల్సిందీ అంతే. పైగా చూసింది ఆగస్టులో! వానాకాలం వడ్లు మిల్లులకు వచ్చేది దసరా దాటాక కదా. వడ్లొచ్చినయ్, ఫోన్లు రాలేదు, అప్పుడు నాకు ఫోన్ వచ్చింది.

ఇందులో నా తప్పూ ఉంది. ఫోన్ నంబర్ మీద ఎవరైనా నొక్కితే జీఏ4 దాన్ని దానంతటది లెక్కపెట్టదు, మనం దానికి ఒక ఈవెంట్ (ఇది జరిగితే లెక్కపెట్టు అనే సూచన) పెట్టి, దాన్ని కీ ఈవెంట్‌గా, అంటే ముఖ్యమైనదిగా గుర్తు పెట్టుకోవాలి. రేపు చేద్దాంలే అని వదిలేసిన. ఏ గ్రూపు నుంచి ఎన్ని కాల్స్ వచ్చాయో ఆయన ముందు ఉండి ఉంటే చెయ్యి ఆ డిలీట్ మీదికి పోయేది కాదు.

ఏడో సూత్రాన్ని కూడా ఉతికి ఆరేద్దామనే మొదలుపెట్టిన. "ఇదంతా తలనొప్పి అనుకుంటే రిపోర్టును ఎక్సెల్‌లోకి దించుకుని, పక్కన ఒక కాలమ్‌లో గ్రూపు పేరు రాసుకోండి" అన్నాడు. రెండుసార్లు చదివిన. ఇది కరెక్టే. వంద పేజీల లోపు సైటుకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. పాత నెలల డేటాలో పేజీ అడ్రసులు ఎలాగూ ఉంటాయి కాబట్టి వాటికీ ఇదే పద్ధతిలో పేర్లు పెట్టుకోవచ్చు. అంటే పాత డేటా దానంతటది సర్దుకోదు గానీ మనం కూర్చుంటే సర్దుకుంటుంది. ఐదోదాని మీద అంత గట్టిగా అరిచినవాణ్ని, ఇది ఒప్పుకోక తప్పదు. ఆరోది రాసిన మనిషీ ఏడోది రాసిన మనిషీ ఒకరు కాదని నా అనుమానం.

అన్నా, మళ్లీ పంపాలనిపిస్తే ఆ ఏడోది ఒక్కటే పంపు. పదకొండు లోపు పంపు.