సవరణ: 43 అడుగులు భద్రాచలం లెక్క, ధవళేశ్వరానిది కాదు

మొన్న మా లంక (గోదావరి మధ్య దీవి) కబుర్లు రాసిన పోస్టులో, ధవళేశ్వరం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారని రాశాను. అది తప్పు. 43, 48, 53 అడుగులు భద్రాచలం లెక్క. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది.

అంకెల్లో తేడాయే కదా అని ఊరుకోలేను. పక్కింటి బాబాయి గారు నా పోస్టు చదివించుకుని, "ఇంకా చాలా టైముందిలే" అని గేదెల్ని లంకలోనే ఉంచేశారు. సాయంత్రానికి కాజ్‌వే మీద మోకాలి లోతు నీళ్లు. గేదెలు ఈదుకుంటూ ఒడ్డెక్కాయి. దూడను మాత్రం పడవలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాం, ఒడ్డుకు చేరేదాకా వణుకుతూనే ఉంది. ఆయన చేతులు పట్టుకుని క్షమించమన్నాను. మిమ్మల్నీ అదే అడుగుతున్నాను.

ఇంకొకటి. కాటన్ దొర ఆనకట్ట 1982లో పూర్తయిందన్నాను. అది ఇప్పుడున్న బ్యారేజీ సంవత్సరం, పాత ఆనకట్ట 1852 నాటిది. ఆ పోస్టులోని అరటి గెలలు, బడి ఆటల పోటీల కబుర్లలో మార్పేమీ లేదు.

పాత పోస్టు ప్రింటు తీసి రేవు పాకలో అంటించినవాళ్లు దయచేసి దాన్ని పీకేసి ఇది అంటించండి.