పాట అవ్వగానే ‘భావం రాయండి’ అనొద్దు

అర్థంపర్థం లేని తమాషా గేయాలు ఒకటి, రెండు తరగతుల్లో రోజూ పాడించాలని రాశారు, చాలా సంతోషం మేడమ్. మాది కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల దగ్గర, పలమనేరు వైపు బడి. ఇంట్లో తమిళం, కన్నడం, ఉర్దూ మాట్లాడే పిల్లలూ ఉంటారు. వాచకం తీస్తే నోరు మెదపని పిల్ల కూడా ‘ఏనుగొచ్చి బస్సెక్కింది, టికెట్టడిగితే తొండం ఊపింది’ అనగానే గొంతు కలుపుతుంది. మా దగ్గర్లోని కౌండిన్య అడవి ఏనుగుల కబుర్లు ఇళ్లల్లో వినేవాళ్లే మరి! తర్వాతి లైను మీరే కట్టండి అంటే, ‘పాలు’కి ‘కాలు’ ఎందుకు కుదిరిందో, ‘వేళ్లు’ ఎందుకు కుదరలేదో చెవితోనే పట్టేస్తారు. దయచేసి దీన్ని కూడా ప్రశ్నాజవాబుల్లోకి దించకండి. తనిఖీకి వచ్చే అధికారులు నోటుబుక్కులతో పాటు పిల్లల చేత ఒక పాట కూడా పాడించుకుని వెళ్తే ఎంత బాగుంటుందో.