పొగ తగ్గించి పుణ్యం కట్టుకున్న బావగారికి

ఉదయం సర్జాపుర రోడ్డు వైపు, ఇంకా ఇళ్లు కట్టని ఒక లేఅవుట్‌లో జరిగిన దానికి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతూనే ఉంది. కొత్త నైట్రో ట్రక్కుకు, అంటే రిమోట్‌తో నడిచే, నిజమైన చిట్టి ఇంజన్ ఉన్న బొమ్మ బండికి, బ్రేక్-ఇన్ చేస్తున్నాను, అంటే కొత్త ఇంజన్‌ను మెల్లగా నడిపి అలవాటు చేస్తున్నాను. రెండో ట్యాంకు, బండి స్టాండు మీద, చక్రాలు గాలిలో, ఇంజన్ నింపాదిగా ఐడిల్‌లో ఉంది. టెంపరేచర్ గన్ తెచ్చుకుందామని కారు దాకా వెళ్లి వచ్చేలోగా, మిత్రుడి వెంట వచ్చిన వాళ్ల బావగారు కింద చతికిలబడి, నా స్క్రూడ్రైవర్‌తోనే ఇంధనం ఎంత పోవాలో నిర్ణయించే నా కార్బురేటర్ హై స్పీడ్ నీడిల్‌ను అర మలుపు లోపలికి బిగించేసి, రిమోట్ అందుకుని ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి పట్టుకున్నారు. నేను పరుగెత్తుకొచ్చి అడిగితే వచ్చిన జవాబు ఇది: "తమ్ముడూ, ఆ పొగేంటి? పెట్రోల్ తెగ తాగేస్తోంది. ఆర్‌ఎక్స్ 100 విప్పి బిగించిన చెయ్యి ఇది, నాకు చెప్పకు."

పెట్రోలట! ఆ ట్యాంకులో పెట్రోల్ చుక్క కూడా లేదు. ఉన్నది మెథనాల్, అందులో 20 శాతం నైట్రోమీథేన్, మిగిలినది ఆయిల్. ఈ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు, గ్లో ప్లగ్ ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు మాత్రమే ఇగ్నైటర్‌తో ఒకటిన్నర వోల్టు లోపు కరెంటు ఇస్తాం. ఆ తరువాత మంట మంటకూ మిగిలే వేడితోనూ, మెథనాల్ ఆవిరి తగిలినప్పుడు ప్లగ్‌లోని ప్లాటినం తీగ దగ్గర జరిగే రసాయన చర్యతోనూ ఆ తీగ తనంతట తానే ఎర్రగా ఉంటుంది. పెట్రోల్ పోసి సాయంత్రం దాకా తాడు లాగినా అది అంటుకోదు. ఇంత మాత్రం తెలియని మనిషికి నా స్క్రూడ్రైవర్ ముట్టుకునే ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు నిజంగా అర్థం కాదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఇక ఆ పొగ సంగతి. బ్రేక్-ఇన్‌లో పొగ రావాలి. ఈ ఇంజన్‌కు ఆయిల్ వేరే దారిలో రాదు, ఇంధనంలోనే కలిసి వస్తుంది. ఆ నీలి పొగ, కాలకుండా బయటికి పోతున్న ఆయిల్. నీడిల్ బిగిస్తే ఇంధనం తగ్గుతుంది, దానితో పాటే ఆయిల్ తగ్గుతుంది, మెథనాల్ ఆవిరయ్యేటప్పుడు లోపల కలిగే చల్లదనమూ తగ్గుతుంది. ఒక్క మలుపుతో మూడు నష్టాలన్న మాట. అయితే చూసేవారికి ఏమి కనబడుతుంది? పొగ మాయమవుతుంది, గొంతు సన్నబడి కూత పెడుతుంది, బండి ఒక్కసారిగా చురుకైనట్టు అనిపిస్తుంది. లీన్‌గా, అంటే ఇంధనం చాలకుండా, పోతున్న ఇంజన్ చావబోయే ముందే అన్నిటికంటే బాగా పాడుతుంది. పక్కనున్న ఇద్దరు కుర్రవాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. గ్లో ప్లగ్ పక్కన గన్ పెడితే 143 డిగ్రీల సెల్సియస్ చూపించింది. 105 దాటకూడదని నేను జాగ్రత్త పడుతున్న ఇంజన్ అది. పొగ పైపు మూతిని గుడ్డతో మూసి ఆపేశాను. ఆపడం కూడా ఇలాగే ఆపాలి. ఇంధనం గొట్టం నొక్కి ఆపే వీరులు ఉన్నారు, వారు ఆ చివరి కొన్ని క్షణాలు ఇంజన్‌ను లీన్‌గా నడిపి చంపుతున్నామని ఎరగరు.

ఆర్‌ఎక్స్ 100 గొప్ప బండి, నాకూ ఇష్టమే. కానీ దానికి పిస్టన్ రింగులు ఉంటాయి. నా ఇంజన్‌కు రింగులే లేవు. అల్యూమినియం పిస్టన్, అది ఆడే గొట్టంగా క్రోమ్ పూత పూసిన ఇత్తడి స్లీవ్, అంతే. ఆ స్లీవ్ పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పై కొసన గట్టిగా పట్టేస్తుంది, దాన్నే పించ్ అంటారు. వేడెక్కాక పిస్టన్ కంటే స్లీవ్ ఎక్కువ వ్యాకోచించి, రెండింటికీ సరిగ్గా కుదురుతుంది. అందుకే బెంగళూరు చలికాలపు ఉదయం ఇంట్లో తిట్లు తింటూనైనా హెయిర్ డ్రయ్యర్ తెచ్చుకుని హెడ్‌ను వేడి చేసి స్టార్ట్ చేస్తాను. అందుకే ప్రతి ట్యాంకు తరువాత ఫ్లైవీల్ చేత్తో తిప్పి పిస్టన్‌ను అడుగుకు దించి చల్లారనిస్తాను, లేకపోతే స్లీవ్ బిగుసుకునేటప్పుడు పిస్టన్ ఆ ఇరుకులోనే చిక్కుకుంటుంది. వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం, ఈ క్రమంలోనే ఆ రెండు లోహాలూ ఒకదానికొకటి అలవాటు పడతాయి. ఆ సమయంలో చక్రాలు గాలిలో ఉండగా, ఏ భారమూ లేకుండా ఫుల్ థ్రాటిల్ ఇస్తే కనెక్టింగ్ రాడ్ ఎంత అల్లాడుతుందో ఆ సర్వీసు చేసిన చేతికి తెలియదా?

ఇంతలో బావగారు చెన్నైలో ఉన్న తన స్నేహితుడికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టారు. "మేం ఇక్కడ ఇంతే పెడతాం అన్నా, ఏమీ కాలేదు" అని ఆయన సెలవిచ్చారు. చెన్నై సముద్రమట్టానికి ఆనుకుని ఉంది, బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడి గాలి 8, 9 శాతం పలచన. కాబట్టి చెన్నై సెట్టింగు ఇక్కడ కాస్త రిచ్‌గా, అంటే ఇంధనం ఎక్కువై, నడుస్తుంది, కొంచెం బిగించవలసిందే, ఒప్పుకుంటాను. ఆ కొంచెం అంటే ఎనిమిదో వంతు మలుపు, అదీ బ్రేక్-ఇన్ పూర్తయ్యాక, ఒక్కో సవరణకు బండిని ఒక చుట్టు నడిపి వేడి చూసుకుంటూ. అర మలుపు కాదు, రెండో ట్యాంకులో కాదు. పైగా చివర్లో ఒక ముక్తాయింపు: "ఇంత కష్టం దేనికి, బ్యాటరీ బండి కొనుక్కోవచ్చుగా?" సన్నాయి నేర్చుకునేవాడి దగ్గరికి పోయి బ్లూటూత్ స్పీకర్ కొనుక్కోమని కూడా వీరు చెప్పగలరు.

అసలు నాకు ఈయన మీద కంటే ఎక్కువ కోపం, ఇలాంటి చేతుల్లో పడిన ఇంజన్లను మనకు అంటగట్టే వారి మీద. కిందటి ఏడాది ఒక మహానుభావుడు "ఒక్క ట్యాంకే నడిపాను బ్రో, బ్రేక్-ఇన్ కూడా నేనే చేసేశాను, నీకు ఆ శ్రమ కూడా లేదు" అని నాకొక .21 సైజు ఇంజన్ అమ్మాడు. ఇంటికి తెచ్చి చూస్తే, చల్లటి ఇంజన్, ప్లగ్ బిగించి ఉండగానే, ఫ్లైవీల్ ఒక్క వేలితో గిర్రున తిరిగింది. పించ్ జాడే లేదు. వెనుక ప్లేటు విప్పితే బేరింగు చుట్టూ ఎర్రటి తుప్పు. నడపడం అయ్యాక వేసే ఆఫ్టర్-రన్ ఆయిల్ ఒక్క చుక్క వేయకుండా, ట్యాంకులో ఇంధనం వదిలేసి అటక మీద పెట్టాడన్న మాట. మెథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ తేమే బేరింగును తినేస్తుంది. ఫోన్ చేస్తే, "నీ దగ్గరే పాడైంది బ్రో" అని పెట్టేశాడు. ఆ డబ్బు ఇప్పటికీ రాలేదు, రాదు కూడా.

ఇప్పుడు మార్కెట్లో "లైట్లీ యూజ్డ్, బ్రేక్-ఇన్ డన్" అని కనబడే ప్రతి ప్రకటన వెనుక నాకు ఒక బావగారు కనిపిస్తున్నారు. కొనేవారు వీడియో కాల్‌లో చల్లటి ఇంజన్‌కు ప్లగ్ బిగించి, ఫ్లైవీల్ చేత్తో తిప్పి చూపించమనండి. పై కొసన పట్టేయాలి. "ఇప్పుడు ఇంట్లో లేను బ్రో" అంటే బేరం అక్కడితో వదిలేయండి.