స్టార్ రేటింగు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ స్టార్ రేటింగు గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. శుక్రవారం వచ్చిన సినిమాను శనివారానికల్లా తూచి పంపేయడం తమకు వెన్నతో పెట్టిన విద్య. దాని మీద మాకు పేచీ లేదు. పాత సినిమాల దగ్గర తమరు దేనికి మార్కులు వేస్తున్నారో తమకైనా తెలుసా అన్నదే సందేహం.

జర్మన్ మూకీ 'మెట్రోపోలిస్' (1927)కి మూడున్నర ఇచ్చారు. ఏ మెట్రోపోలిస్‌కి? బెర్లిన్‌లో తొలి ప్రదర్శన అయిన ఏడాదే దాదాపు నాలుగో వంతు కత్తిరించేశారు. ఇక దొరకదనుకున్న దాంట్లో చాలా భాగం 2008లో బ్యూనస్ ఎయిరిస్‌లో 16 ఎంఎం (సన్నరకం ఫిల్ము) కాపీగా, ఒళ్ళంతా గీతలతో బయటపడింది. 2010లో అతికించి చూపించారు. అంతకుముందు ప్రింట్లలో కొన్ని పాత్రలు ఎందుకొచ్చాయో, ఎటు పోయాయో తెలిసేది కాదు. "కథనంలో గెంతులు" అని తమరు కోసిన ఆ నక్షత్రంన్నర దర్శకుడి ఖాతాలో వేశారు. కత్తెర ఖాతాలో వేయాల్సింది.

మూకీల సంగతి మరీ ఘోరం. చాలావాటిని సెకనుకు 16 నుంచి 20 ఫ్రేముల (విడి బొమ్మల) వేగంతో తీశారు. 16తో తీసినదాన్ని టాకీల వేగమైన 24తో ఆడిస్తే గంట సినిమా 40 నిమిషాల్లో అయిపోతుంది, మనుషులు చీమలు కుట్టినట్టు పరిగెడతారు. తమరేమో "అతి నటన" అని ఒకటిన్నర పడేస్తారు. పాపం ఆ నటుడు మెల్లగానే నడిచాడు!

పగలు తీసి రాత్రిగా చూపించే సన్నివేశాలూ ఇంతే. ఎక్స్‌పోజరు (ఫిల్ము మీద పడే వెలుతురు) తగ్గించి తీసినదాన్ని డిస్కు చేసేటప్పుడు ఎవరో వెలుతురు పెంచేస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండలో హీరో లాంతరు పట్టుకుని తిరుగుతాడు. ఎత్తుకు 2.35 రెట్లు వెడల్పున్న ఫ్రేమును, 1.33 రెట్లే వెడల్పున్న పాత టీవీలోకి ఎత్తు తగ్గకుండా కుక్కితే 43 శాతం బొమ్మ గాలికి పోతుంది. మాట్లాడుకునే ఇద్దరూ అంచుల బయట, మధ్యలో బల్ల. దానికీ తమ దగ్గర నక్షత్రాలున్నాయి.

'మాయాబజార్' (1957)కి ఐదూ ఇచ్చారు, సంతోషం. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ నలుపు తెలుపుల్లో కాయించిన వెన్నెలకా, 2010లో రంగులద్దిన ప్రతికా?

కొద్దిమంది వీరాభిమానులు నెత్తిన పెట్టుకునే కల్ట్ సినిమాల జోలికి తమరు రాకపోవడమే మేలు. 'రాకీ హారర్ పిక్చర్ షో' (1975) మొదట్లో ఆడలేదు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో అర్ధరాత్రి ఆటలు మొదలయ్యాక, ప్రేక్షకులు తెరతో వాదులాడ్డం సినిమాలో సగమైంది. ఆ సగాన్ని ఒంటరిగా హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూసినవాడు ఎలా తూస్తాడు?

కాబట్టి విన్నపం ఏమనగా: తమ పక్కనే ఏ ప్రతి, ఏ ఏడాది పునరుద్ధరణ, ఎన్ని నిమిషాలు, ఫ్రేము కొలత ఎంత అన్నవి రాయించండి. మూకీ అయితే వేగం, నేపథ్య సంగీతం ఎవరిదన్నదీ చేర్చాలి. నిమిషాల దగ్గర జాగ్రత్త: 24 ఫ్రేముల సినిమాను 25తో ఆడించే పాల్ (PAL అనే టీవీ పద్ధతి) డిస్కులో 120 నిమిషాలు 115 అవుతాయి, గొంతులు కాస్త సన్నబడతాయి. దాన్ని చూసి "అయిదు నిమిషాలు సెన్సారు మింగింది" అని గగ్గోలు పెట్టించకండి.

ఇవన్నీ రాయడానికి చోటు చాలదంటారా? తమరు కొంచెం పక్కకు జరగండి.

ఇట్లు,
రన్‌టైము చూడందే సినిమా మొదలుపెట్టని వాళ్ళు