కాంటినెంటల్ ఫిలాసఫీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కాంటినెంటల్ ఫిలాసఫీ గారి దివ్యసముఖానికి,

విజయనగరంలో సివిల్స్‌కి ఫిలాసఫీ ఆప్షనల్ చెప్పుకుని బతికే మాస్టారు నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. తమరంటే జర్మనీ, ఫ్రాన్సు లాంటి ఐరోపా దేశాల్లో పెరిగిన తత్వశాస్త్రమనీ, ‘మాది కాదు’ అంటూ ఇంగ్లీషువాళ్లు వేరు చేసి పిలిచిన పేరే ‘కాంటినెంటల్’ అనీ మా పిల్లలకి మొదటి రోజే చెబుతాను.

తమరి మీద ఫిర్యాదులన్నీ విన్నాను. తమరి జర్మన్ తత్వవేత్త హైడెగర్ వాక్యాలకు అర్థమే లేదని అవతలి పక్షం తత్వవేత్త కార్నాప్ తేల్చేశాడు. తమరి ఫ్రెంచి తత్వవేత్త దెరిదాకి గౌరవ డాక్టరేట్ ఇవ్వాలా వద్దా అని 1992లో కేంబ్రిడ్జిలో ఓటింగే పెట్టారు, 336–204తో గట్టెక్కాడు. మా దగ్గర గౌరవ డాక్టరేట్లకి అంత గొడవ ఉండదు లెండి.

అర్థం లేదంటే మాత్రం నేనొప్పుకోను. పైడితల్లి సిరిమాను కదలగానే లక్షల మంది చేతులు జోడిస్తారు. అమ్మవారు ఉందా లేదా అన్న పేచీ కాసేపు పక్కన పెట్టి, ఆ క్షణం ఆ మనిషికి ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పమంటాడు తమరి ఇంకో జర్మన్ తత్వవేత్త హుస్సెర్ల్. భక్తుడినీ హేతువాదినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టే పద్ధతి ఇంకోటి నేను చూళ్లేదు.

నా బాధ సిలబస్‌తో. యూపీఎస్సీ వాళ్లు తమరి తరఫున హెగెల్, హుస్సెర్ల్, కీర్కెగార్డ్, సార్త్ర్, హైడెగర్‌లను పెట్టారు. సార్త్ర్ 1964లో నోబెల్ వద్దన్నాడంటే పిల్లలు నన్ను జాలిగా చూస్తారు. ఫలానా దానివల్ల అని చెప్పలేని ఆందోళన గురించి హైడెగర్ రాశాడు; మావాళ్ల టెన్షన్ ఫలానా ప్రిలిమ్స్ వల్లేనని అందరికీ తెలుసు కాబట్టి ఆయన లెక్కలోకి రాదు. ఆయన 1933లో నాజీ పార్టీలో చేరిన సంగతి సిలబస్‌లో లేదు.

ఫ్రెంచి తత్వవేత్త ఫూకో అయితే సిలబస్‌లో అసలే లేడు. జైలు గురించి 1975లో రాసిన పుస్తకంలో ఆయన బడినీ, సైనికుల బారకాసునూ, ఆసుపత్రినీ కూడా లాగాడు. టైమ్‌టేబులు, ర్యాంకు, పరీక్ష అన్నీ మనిషిని వంచే పనిముట్లేనన్నాడు. మా వైపు రెసిడెన్షియల్ కాలేజీ చూడకుండానే రాశాడంటే నమ్మబుద్ధి కాదు. తెల్లారకముందే స్టడీ అవర్, వరండాకో కెమెరా, నోటీసు బోర్డు మీద వారం వారం ర్యాంకులు. కెమెరా పనిచేస్తోందో లేదో ఎవరికీ తెలీదు, పిల్లలు మాత్రం తల దించుకునే నడుస్తారు. చూస్తున్నారో లేదో తెలియకుండానే భయపెట్టే ఆ కిటుకు ఇంగ్లండు తత్వవేత్త బెంథామ్ వేసిన జైలు ప్లానులోది. తమరిని గడప బయట నిలబెట్టిన ఇంగ్లీషువాళ్ల సరుకే!

పరీక్ష గురించి అంత రాసినవాడు పరీక్షలో రాడు. తమరి పండితులేమో ఒకరి పుస్తకం మీద ఒకరు పుస్తకం రాసుకుంటూ కూర్చున్నారు. ఆ వరండాలో నడిచే కుర్రాడికి నాలుగు పేజీలు తెలుగులో రాసిపెట్టే తీరిక ఎవరికీ దొరకలేదు.

దొరికితే దయచేసి పంపండి. హాస్టల్ వార్డెన్ గారి కంట మాత్రం పడనీయకండి. కొత్త రూల్సు అనుకుని సోమవారం నుంచే అమలు చేసేస్తారు.

ఇట్లు,
తమ విధేయుడు