డ్రయర్ పక్కన చాప

నిరుడు డిసెంబర్‌లో ఇక్కడ అమెరికాలో మన సంఘం పెట్టిన ‘ఇంట్లో ధ్యాన స్థలం’ పోటీకి వచ్చినవాళ్లకు ఆ నవ్వు గుర్తుండే ఉంటుంది. తెర మీద పదకొండో ఫొటో పడింది. బట్టలు ఆరబెట్టే డ్రయర్, దాని పక్కన నేల మీద చాప, చాప మీద నాలుగు మడతలు పెట్టిన దుప్పటి, గోడకు ఆనించిన చీపురు, కొక్కేనికి రెండు తువ్వాళ్లు. వ్యాఖ్యాత కాసేపు దాన్ని తేరిపార చూసి, “ఇది ధ్యాన మందిరమా, బట్టల రేవా?” అన్నారు. హాలంతా ఘొల్లుమంది.

ఆ చాప మా అమ్మది. ఫొటో తీసి పంపింది మా అమ్మాయి. అమ్మ మూడో వరుసలో ఉంది. అందరూ నవ్వుతున్నారు కదా అని తనూ నవ్వింది. పక్కన కూర్చున్న నేనూ నవ్వాను. ఆ నవ్వు నన్ను మూడు నెలలుగా తింటోంది, అందుకే ఈ వ్యాసం.

కమిటీలో ఉన్నవాళ్లంతా నల్లగొండ, పాలమూరు వాళ్లే, నాకు తెలిసినవాళ్లే, వాళ్ల మీద నాకు కోపం లేదని రాయాలి. కొంచెం ఉంది.

ఐక్యరాజ్యసమితి 2024లో డిసెంబర్ 21ని ప్రపంచ ధ్యాన దినోత్సవంగా ప్రకటించింది. బతుకమ్మకూ సంక్రాంతి ముగ్గుల పోటీకీ నడుమ మనకు ఖాళీగా ఉండే నెల నిండింది. మంచిదే. కార్యక్రమం మొదట్లో గీత ఆరో అధ్యాయం నుంచి శ్లోకం కూడా చదివారు. శుభ్రమైన చోటు చూసుకుని, మరీ ఎత్తూ మరీ పల్లమూ కాకుండా, కదలని ఆసనం వేసుకోవాలి. దర్భలు, వాటి మీద జింక చర్మం, ఆ పైన బట్ట. కృష్ణుడు అడిగిన సామాను అంతే. శ్లోకం అయిన పావుగంటకు మొదటి బహుమతి ప్రకటించారు. ఆ గదిలో గోడ పొడవునా జారే నీళ్ల ఫౌంటెన్ ఉంది, ఉప్పు దీపం ఉంది, కొడితే నిమిషం సేపు మోగే కంచు గిన్నె ఉంది, మెడ దగ్గర తెగిన బుద్ధుడి తల ఉంది. ఆ ఇంటావిడ నా స్నేహితురాలు, ఆమె చేతి సకినాలు ఎన్నిసార్లు తిన్నానో లెక్క లేదు. అయినా ఆ తల దగ్గర ఒక మాట అనకుండా ఉండలేను. మన నల్లగొండ జిల్లా అంచున, సాగర్ నీళ్ల నడుమ నాగార్జునకొండ ఉంది. క్రీ.శ. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. ఆ విహారాల్లో భిక్షువులవి వరుసగా కట్టిన చిన్న చిన్న గదులు. ఇప్పటికీ సాగర్‌లోని విపశ్యన కేంద్రం ధమ్మ నాగజ్జునకు వెళ్తే పది రోజులు మౌనం, తెల్లవారుజామున నాలుగింటికి గంట, కూర్చోవడానికి ఒక ఆసనం. హాల్లో విగ్రహం ఉండదు, అగరుబత్తి వెలగదు. అలాంటి చోటు నుంచి వచ్చిన మనం బుద్ధుణ్ణి తల వరకే కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టుకుంటున్నాం.

నేనేమీ తక్కువ తినలేదు. నాలుగేళ్ల కిందట మా బేస్‌మెంట్‌లో నేనూ ఒక గది సిద్ధం చేయించాను. అందులోనూ ఫౌంటెన్ ఉండేది. నీళ్లు జారే చప్పుడు పది నిమిషాలు వింటే మనసు ఎటు పోతుందో తెలియదు గానీ, శరీరం మాత్రం బాత్‌రూం వైపు పోతుంది. అగరుబత్తి వెలిగించిన మొదటి రోజే పొగ పసిగట్టే అలారం ఇల్లంతా దద్దరిల్లేలా అరిచింది. పోనీ నూనె దీపం పెడదామంటే చెక్క ఇల్లు, నేలంతా కార్పెట్టు. కళ్లు మూసుకోవడానికి ధైర్యం చాలదు. సగానికి సగం మంది ఇళ్లలో దేవుళ్లు బట్టల అల్మారా గదిలో ఎందుకు ఉంటారో అప్పుడు అర్థమైంది. ఆ తలుపు వేస్తే పిల్లల టీవీ వినబడదు, వేలాడే బట్టలు చప్పుడును పీల్చుకుంటాయి. నా ధ్యాన మందిరంలో ఇప్పుడు అట్టపెట్టెలు ధ్యానం చేస్తున్నాయి.

ధ్యానం గురించి ఎక్కడ మాట వచ్చినా నేను మా ఊరి దేవుని అర్ర గురించి చెబుతాను. నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే దారిలో మా ఊరు. రాతి గోడలు, డంగు సున్నం, తాండూరు బండలు పరిచిన నేల. మే నెల మధ్యాహ్నం కూడా ఆ అర్రలో అడుగు పెడితే అరికాళ్లు చల్లబడేవి. తూర్పు గోడకు చిన్న కిటికీ, పక్కన దీపం మసితో నల్లబడిన గూడు, దాని కింద పీట. నాయిన బడికి వెళ్లే ముందు ఆ పీట మీద అరగంట కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ప్రశాంతత మన ఇళ్ల గోడల్లోనే ఉండేదని రెండేళ్ల కిందట ఈ పత్రికలోనే రాశాను. చాలామంది ఫోన్ చేసి మెచ్చుకున్నారు. వాళ్లందరికీ క్షమాపణ.

ఆ అరగంట ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది నిజం. గోడల్లోంచి వచ్చిన నిశ్శబ్దం మాత్రం కాదు. అమ్మ బకెట్టును బండ మీద ఆనించేటప్పుడు కింద గోనెసంచి వేసేది. ఏడుపు మొదలుపెట్టిన తమ్ముణ్ణి చంకనేసుకుని పశువుల కొట్టంలోకి పోయేది. పాలవాడు కేక వేయకముందే దర్వాజ దగ్గర నిలబడి చేత్తో సైగ చేసేది. నేను పలక మీద బలపం గీస్తే గుడ్లురిమేది. నాయిన శ్వాస మీద ధ్యాస పెడితే, అమ్మ ఇంటిల్లిపాది నోళ్ల మీద ధ్యాస పెట్టేది. ఆమె ఆ పీట మీద కూర్చోగా నేను చూడలేదు. పీట తుడిచేటప్పుడు చూశాను.

నాయిన పదవీ విరమణ చేశాక కడ్తాల్‌లోని పిరమిడ్ చూసి వచ్చాడు. కడ్తాల్ ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలో ఉంది గానీ 2016 దాకా మన పాలమూరుదే. ఒక్కో వైపు 180 అడుగులుండే ఆ పిరమిడ్‌లో కొన్ని వేల మంది ఒకేసారి కూర్చుని ధ్యానం చేయగా చూసి, ఇంటికి రాగానే మా స్లాబు గది మీద తనకు తోచిన కొలతలతో రేకుల పిరమిడ్ ఒకటి వేయించాడు. కడ్తాల్ వాళ్లకు ఇందులో ఏ పాపమూ లేదు. నల్లగొండ ఎండలో, రేకు కింద, ఏప్రిల్ నెలలో కూర్చోవడం పూర్తిగా నాయిన సొంత ఆలోచన. మూడో రోజుకు దిగి వచ్చి పాత పీట వెతుక్కున్నాడు. అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు ఆ పిరమిడ్‌లో వంకాయ ఒరుగులూ కాకరకాయ ఒరుగులూ ఎండబోసింది. కాకులు రావు, రెండు రోజుల్లో గలగలలాడుతూ ఎండుతాయి. నాయిన పోయి మూడేళ్లయినా ఆ పిరమిడ్ అదే పనిలో ఉంది.

ఇక ఆ చాప సంగతి. నిరుడు అమ్మ వచ్చిన పది రోజులకు ఒకటి గమనించాను. రోజూ మధ్యాహ్నం రెండు దాటితే మనిషి కనబడదు. ఒకరోజు వెతుక్కుంటూ వెళ్తే డ్రయర్ తిరుగుతోంది, దాని పక్కన గోడకు వీపు ఆనించి, దుప్పటి మడత మీద కూర్చుని, కళ్లు మూసుకుని ఉంది. కింద అంత మంచి గది పెట్టుకుని ఇక్కడేమిటమ్మా అన్నాను.

“ఈ చప్పుడు మన ఊరి గిర్నిలా ఉంటుంది, బిడ్డా” అంది. జొన్నలు పట్టించడానికి గిర్నికి వెళ్తే వరుసలో గంట పట్టేదట. గోడకు ఆనుకుని కూర్చుంటే ఆ మోతలో మాటలు వినబడేవి కావట. “పిండి చేతికి వచ్చేదాకా ఎవరూ పిలవరు. కూర్చున్నా పని చేస్తున్నట్టే లెక్క.”

మరి బేస్‌మెంట్ గదిలో ఎందుకు కూర్చోవు అని మళ్లీ అడిగాను. “అక్కడ కూర్చుంటే ఏం చేస్తున్నావని అడుగుతారు. ఇక్కడైతే బట్టల పని అనుకుంటారు” అంది.

మా డ్రయర్ యాభై నిమిషాలు తిరుగుతుంది. ఆఖరున గంట కొడుతుంది. చలికాలంలో అది ఇచ్చే వేడి మోకాళ్లకు హాయిగా ఉంటుంది. నడుము కింద దుప్పటి ఉంది కాబట్టి మోకాళ్లు తుంటి కంటే కిందికి దిగి, వీపు దానంతట అదే నిలబడుతుంది. ధ్యానం నేర్పేవాళ్లు చెప్పే కొలతలన్నీ ఆ చాప మీద ఉన్నాయి. అమ్మకు ఎవరూ చెప్పలేదు.

ఒకటి గుర్తొస్తోంది. ఆమె మొదటిసారి ఇక్కడికి వచ్చింది 2023లో. ఆ ఏడాది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టారు. మన పాత నల్లగొండ జిల్లా ఫణిగిరి నుంచి తోరణపు రాళ్లు వచ్చాయంటే తీసుకెళ్లాను. ఒక శిల్పంలో చుట్టూ మనుషులు దండం పెడుతున్నారు, నడుమ ఆసనం ఖాళీగా ఉంది. తొలినాళ్లలో బుద్ధుడి రూపాన్ని చెక్కకుండా ఆసనాన్నో పాదముద్రలనో బోధివృక్షాన్నో చూపడం మామూలే. అమ్మకు అది చెప్పబోతుండగానే, “కూర్చున్నాయన ఏడి?” అని అడిగి, తనే జవాబు చెప్పుకుంది: “ఎవరో పిలిచి ఉంటారు.” అప్పుడూ నవ్వాను. ఆమె విషయంలో నేను నవ్విన సందర్భాలు చాలా ఉన్నాయి.

గది ఉండటం తప్పనడం లేదు. రోజూ ఒకే చోట, ఒకే వేళ కూర్చుంటే ఒళ్లు అలవాటు పడుతుంది. మసక వెలుతురు, కాస్త గాలి, ఫోన్ లేని నాలుగడుగుల చోటు నిజంగా సాయపడతాయి. రెండు ఉద్యోగాల ఇంట్లో పిల్లలకు అలాంటి మూల ఒకటి కనబడినా మేలే. స్తోమత ఉన్నవాళ్లు కొనుక్కుంటే నాకేమిటి? కానీ మార్కులు వేయడం మొదలుపెట్టాక మనం వెలుతురుకు వేశాం, రంగులకు వేశాం, అమరికకు వేశాం. ఆ గదిలో ఎవరు కూర్చుంటారు, వాళ్లు కూర్చున్నప్పుడు పొయ్యి దగ్గర ఎవరుంటారు అన్న గడి మాత్రం దరఖాస్తులో లేదు. నాయినకు ఆ పోటీ పెడితే మొదటి బహుమతి వచ్చేది. అర్ర అంత బాగుండేది.

కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వచ్చే డిసెంబర్‌లో ఈ పోటీ వద్దు. ఆ బహుమతుల డబ్బుతో చాపలు కొనండి. సద్దుల బతుకమ్మకు మనం అద్దెకు తీసుకునే బడిలో ఆటల హాలు పక్కన ఒక చిన్న తరగతి గది ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. అది తెరిపించి చాపలు పరచండి. లోపల మైకు వద్దు, ఫొటోలు వద్దు, ఎవరి ఉపన్యాసమూ వద్దు. తెల్లవారుజాము నుంచి తంగేడుకు బదులు దొరికిన పూలేవో పేర్చి, పొయ్యి దగ్గర నిలబడి సద్దుల అన్నాలు కలిపి, డబ్బాలు మోసుకొచ్చిన ఆడవాళ్లు యాభై నిమిషాలు అందులో కూర్చుంటారు. ఆ యాభై నిమిషాలూ వడ్డన, పిల్లలు, చెత్త సంచులు మగవాళ్లవి. ఎవరూ లోపలికి తొంగి చూసి “ఉప్పు ఎక్కడ పెట్టావు?” అని అడగకూడదు. ఇది కష్టమని నాకు తెలుసు, మా ఆయనతో ఒక ఆదివారం ప్రయత్నించి చూశాను. ఏడో నిమిషంలో తలుపు తట్టాడు.

ఫిబ్రవరిలో అమ్మ ఊరికి వెళ్లిపోయింది. మొన్న ఫోన్ చేసినప్పుడు ఈ ఆలోచన చెప్పి, దసరాకు వస్తే ముందు చాప నీదే అన్నాను. అంతా ఓపిగ్గా విన్నది.

“మరి సద్దులు ఎవరు కలుపుతారు, బిడ్డా?” అంది.