రెండో వారం దక్కని సినిమాలు

సినిమా పంపిణీ ఆఫీసులుండే విజయవాడ గాంధీనగర్‌లో సినిమాకు వెల కట్టే పద్ధతి ఒకటుంది. హీరో ఎవరు, అతని గత చిత్రం కృష్ణా, గుంటూరు ఏరియాల్లో ఎంత షేర్ (థియేటర్ అద్దెలు, పన్నులు పోగా మిగిలే రాబడి) తెచ్చింది, పండగకు వస్తుందా, మామూలు రోజుల్లో వస్తుందా? సినిమాను ఏరియాల వారీగా కొనే బయ్యరు అడ్వాన్సు ఇచ్చేది ఈ లెక్క చూసుకునే. ఇందులో దర్శకుల పేరుకు విలువ రావాలంటే వెనుక రెండు మూడు హిట్లు ఉండాలి. కొత్తగా వచ్చిన దర్శకురాలికి అవి ఎక్కడి నుంచి వస్తాయి? పెద్ద హీరో దొరకడు, మంచి తేదీ దొరకదు. శుక్రవారం వచ్చిన సినిమా గురువారానికి తెర దిగిపోతుంది. ‘ఆడలేదు’ అన్న ముద్ర మాత్రం అలాగే ఉండిపోతుంది.

సుజనారావు తీసిన ‘గమనం’ సంగతి చూడండి. వినికిడి లేని తల్లిగా శ్రియ నటించారు, ఇళయరాజా సంగీతం ఇచ్చారు. హైదరాబాద్‌ను ముంచెత్తే వాన చుట్టూ అల్లిన కథలు. 2021 డిసెంబర్ 10న విడుదలైంది. అంతకు ఎనిమిది రోజుల ముందు ‘అఖండ’, సరిగ్గా వారం తర్వాత ‘పుష్ప’. ఈ రెంటి మధ్య చిన్న సినిమాకు థియేటర్ ఎవరిస్తారు? కథనంలో అక్కడక్కడా తడబాటు ఉన్న మాట నిజమే. కానీ ఆ తడబాటును చూసి ప్రేక్షకులు తిరస్కరించారని చెప్పలేం, వారిలో చాలామందికి అసలు చూసే వీలే దొరకలేదు.

విజయనిర్మల 44 చిత్రాలకు దర్శకత్వం వహించి 2002లో గిన్నిస్‌కెక్కారు కదా అని కొందరు అంటారు. ఆమె ప్రతిభను ఎవరూ కాదనరు. అయితే ఆమెకు సొంత నిర్మాణ సంస్థ ఉంది, కృష్ణ వంటి హీరో ఉన్నారు. బయ్యరు లెక్కకు ఆ రెండూ సరిపోయాయి. ఆ అండ లేనివారి గురించే నా ఆవేదన.

ఈ విషయంలో నన్ను అన్నింటికన్నా ఎక్కువగా బాధపెట్టేది సావిత్రి కథ. ఆమె మన మనిషి. కృష్ణా నదికి అవతలి ఒడ్డున, తాడేపల్లి దగ్గరి చిర్రావూరులో పుట్టి, బెజవాడ నాటక సమాజాల్లో ఎదిగారు. 1968లో ‘చిన్నారి పాపలు’ తీసినప్పుడు ప్రధాన శాఖలు చాలావరకు మహిళల చేతిలోనే పెట్టారు. సంగీతం పి.లీలకు అప్పగించారు. ఆ తర్వాత అదే కథను తమిళంలో తీశారు. 1969లో ఎన్టీఆర్‌తో ‘మాతృదేవత’ చేశారు. ఇంత పనిని మనం ఏ ఖాతాలో రాశాం? ‘డైరెక్షన్ జోలికి వెళ్లి ఆస్తులు పోగొట్టుకుంది’ అన్న ఒక్క మాటలో తేల్చేశాం. నష్టపోయిన మగ దర్శకుణ్ని సాహసి అంటాం, ఆమె దగ్గరకు వచ్చేసరికి అది స్వయంకృతాపరాధం అయిపోతుంది. ‘మాతృదేవత’ను ఒకసారి ఆమె తారాజీవితాన్ని పక్కనపెట్టి, కెమెరా వెనుక ఉన్న మనిషి కోసం చూడండి.

సుధ కొంగర విజయవాడలో పుట్టారు. ‘ఆకాశం నీ హద్దురా’ను ఇంట్లో కూర్చుని ఎంతోమంది చూశారు, మాతృక తమిళ చిత్రానికి ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. కానీ ఆమె తొలి సినిమా 2008లో తెలుగులోనే వచ్చిన ‘ఆంధ్రా అందగాడు’ అని మన ఊళ్లో ఎంతమందికి తెలుసు?

ఇంటి తెరకు ఆ శుక్రవారం గండం లేదు. అక్కడ రెండో వారమే కాదు, పదో ఏడూ ఉంటుంది. అయినా యాప్ తెరవగానే ఎదురయ్యేది మళ్లీ ఆ పెద్ద హీరోల పోస్టర్లే. అందుకే దర్శకురాలి పేరు టైపు చేసి వెతకమంటాను. ఏ సినిమా ఏ యాప్‌లో ఉందన్నది తరచూ మారుతుంటుంది, పేరు మాత్రం మారదు.

సాయి పరాంజపే ‘స్పర్శ్’తో మొదలుపెట్టండి. సినిమా పూర్తయినా విడుదలకు దాదాపు నాలుగేళ్లు పట్టింది. అంధ విద్యార్థుల పాఠశాల ప్రిన్సిపాల్‌గా నసీరుద్దీన్ షా, ఆ పిల్లలకు పాటలు, కథలు చెప్పడానికి వచ్చే వితంతువుగా షబానా ఆజ్మీ నటించారు. ఒక సన్నివేశంలో ఆయన తన గదిలో ఆమెకు కాఫీ ఇవ్వబోతాడు. ఆమె సాయపడబోతుంది. ఆయన మండిపడతాడు. తన గదికి వచ్చిన అతిథికి కాఫీ ఇవ్వాల్సింది తానే కదా! జాలికీ ప్రేమకూ మధ్య గీత ఎంత సన్ననిదో ఆ కాఫీ కప్పు దగ్గర తెలిసిపోతుంది. పెద్ద డైలాగు లేదు, ఏడుపు లేదు.

రీమా దాస్ ‘విలేజ్ రాక్‌స్టార్స్’ బెజవాడ వాళ్లకు ఇంకో కారణంతో దగ్గరవుతుంది. రాసింది, తీసింది, కెమెరా పట్టింది, ఎడిట్ చేసింది అన్నీ ఆమే. అస్సాంలోని ఓ పల్లెలో గిటార్ కోసం కలగనే ధును, వరదకు పంట పోయినా మళ్లీ పొలంలోకి దిగే తల్లి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు రోజుల తరబడి ఇళ్లలో నిలిచిన సింగ్‌నగర్ జనానికి ఆ తల్లిని పరిచయం చేయనక్కర్లేదు. కూతురు పెద్దమనిషి అయ్యాక కూడా చెట్లెక్కుతోందని ఊరి ఆడవాళ్లు దెప్పినప్పుడు తల్లి కూతురి పక్షాన నిలబడుతుంది. ఆ ఒక్క ఘట్టం కోసమైనా ఈ సినిమా చూడాలి.

కొంకణా సేన్ శర్మ ‘ఎ డెత్ ఇన్ ది గంజ్’ మెత్తని మనసున్న కుర్రాణ్ని బంధువులంతా సరదా పేరుతో ఎలా నలిపేస్తారో చూపుతుంది. అందులోని కబడ్డీ ఆట చూస్తుంటే గుండె బిగుసుకుపోతుంది. ఆడవాళ్లు తీసేవి ఆడవాళ్ల కథలే అనుకునేవారు ముందుగా చూడాల్సింది ఇదే.

ఇక్కడ ఒక ఫిర్యాదు ఉంది. ఈ ఇతర భాషల చిత్రాలు ఆన్‌లైన్‌లో దొరికినా సబ్‌టైటిల్స్ సాధారణంగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. కొరియా సీరియళ్లు తెలుగులో మాట్లాడుతున్న రోజులివి. మధ్యాహ్నం పనులు ముగించుకుని టీవీ ముందు కూర్చునే సత్యనారాయణపురం గృహిణికి ‘స్పర్శ్’ను తెలుగు అక్షరాల్లో అందించడం ఓటీటీ సంస్థలకు పెద్ద ఖర్చేమీ కాదు. యాప్‌లలో అభిప్రాయాలు పంపే చోటు ఉంటుంది. అక్కడ ఈ సినిమాల పేర్లు రాసి, తెలుగు సబ్‌టైటిల్స్ కావాలని అడుగుదాం.